ఆర్‌వీ టైర్లకు నైట్రోజన్: లాభం ఎంత, నమ్మకం ఎంత

టైరు వాల్వు మీద ఆకుపచ్చ మూత కనిపిస్తే అందులో నైట్రోజన్ నింపారని చాలామంది గుర్తుపడతారు. ఆ మూతతో పాటు వినిపించే మాటలు కూడా తెలిసినవే: నైట్రోజన్ నింపిన టైరు వేడెక్కదు, ప్రెషర్ తగ్గదు, రబ్బరు తొందరగా పాడవదు, రిమ్ము తుప్పు పట్టదు. లోపలే పడక, వంటగది, స్నానాల గది ఉండే మోటార్‌హోమ్‌ల విషయంలోనూ, ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రావెల్ ట్రెయిలర్ల విషయంలోనూ ఈ మాటలు మరింత గట్టిగా వినిపిస్తాయి. ఆర్‌వీలు అని కలిపి పిలిచే ఈ వాహనాల టైర్లు మోసే బరువు ఎక్కువ, వాటిలో నింపే ప్రెషర్ ఎక్కువ, అవి కదలకుండా నెలల తరబడి ఎండలో నిలిచి ఉండే కాలమూ ఎక్కువే. పై మాటల్లో కొన్నిటిలో కొంత నిజం ఉంది. అయితే ఆ నిజం ఎంతపాటిదో లెక్క వేసి చూస్తే, ఆర్‌వీ టైర్లను దారి మధ్యలో పేల్చేసే కారణాల్లో చాలావాటికి నైట్రోజన్‌తో పనే లేదని, నైట్రోజన్ చేస్తుందని చెప్పే మేలులో పెద్ద వాటా నిజానికి తేమ లేకపోవడం వల్ల వచ్చేదని తేలుతుంది.

మామూలు గాలిలోనే సుమారు 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. 21 శాతం ఆక్సిజన్, ఒక శాతానికి కాస్త తక్కువగా ఆర్గాన్, అతి కొద్దిగా కార్బన్ డయాక్సైడ్, వాతావరణాన్ని బట్టి మారే నీటి ఆవిరి మిగతా భాగం. కాబట్టి నైట్రోజన్ నింపించుకోవడమంటే టైరులోకి కొత్త వాయువును తేవడం కాదు, ఉన్న ఆక్సిజన్‌ను, తేమను చాలావరకు తగ్గించడం. ఎంతవరకు తగ్గుతుందన్నది నింపే ప్రెషర్‌ను బట్టి ఉంటుంది. ప్రెషర్ కొలిచే గేజీ సున్నా చూపినంత మాత్రాన టైరు ఖాళీ అయినట్టు కాదు. బయటి వాతావరణంతో సమానంగా, అంటే 14.7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనంలో, మామూలు గాలి అందులో మిగిలే ఉంటుంది. దాని మీద స్వచ్ఛమైన నైట్రోజన్‌ను గేజీ 80 పీఎస్‌ఐ చూపేదాకా నింపితే మొత్తం పీడనం 94.7 పీఎస్‌ఐ అవుతుంది, అందులో ఆక్సిజన్ వాటా 3.3 శాతానికి పడిపోతుంది. అదే పని 32 పీఎస్‌ఐ కారు టైరులో చేస్తే ఆక్సిజన్ 6.6 శాతం దాకా మిగులుతుంది. కారు టైరులో 95 శాతం స్వచ్ఛత రావాలంటే ఒకసారి నింపి, వదిలేసి, మళ్లీ నింపాల్సి వస్తుంది. ఎక్కువ ప్రెషర్ పట్టే ఆర్‌వీ టైరులో ఒకసారి నింపినా అంతకంటే మెరుగైన స్వచ్ఛతే వస్తుంది. ఈ ఒక్క విషయంలో ఆర్‌వీలకు కొంత సౌలభ్యం ఉందనే చెప్పాలి.

ఇక వేడి సంగతి. నైట్రోజన్ వేడికి వ్యాకోచించదనే మాట పూర్తిగా తప్పు. టైరులో ఉండే పీడనాల దగ్గర పొడి గాలి అయినా, నైట్రోజన్ అయినా ఒకే వాయు నియమాన్ని పాటిస్తాయి: ఘనపరిమాణం మారనంతవరకు మొత్తం పీడనం, కెల్విన్‌లలో కొలిచిన ఉష్ణోగ్రతకు అనులోమంగా పెరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 80 పీఎస్‌ఐ నింపిన టైరు రోడ్డు మీద 60 డిగ్రీలకు వేడెక్కితే గేజీ దాదాపు 93 చూపిస్తుంది. అదే టైరు చలికాలపు ఉదయం మైనస్ 5 డిగ్రీల దగ్గర 72 మాత్రమే చూపిస్తుంది. లోపల ఉన్నది పొడి గాలి అయినా, నైట్రోజన్ అయినా ఈ అంకెలు మారవు. ఈ రెండిటికీ వేడిని ప్రసరింపజేసే గుణంలోనూ, వేడిని పట్టి ఉంచుకునే గుణంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా టైరు వేడెక్కడానికి కారణం లోపలి వాయువు కాదు. బరువు కింద సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ప్రతి చుట్టుకూ వంగి మళ్లీ నిలబడుతుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదే పదే వంచితే వంపు దగ్గర వేడి పుట్టినట్టే రబ్బరులోనూ పుడుతుంది. ప్రెషర్ తక్కువైతే వంపు పెరుగుతుంది, వంపు పెరిగితే వేడి పెరుగుతుంది. టైరు నిండా స్వచ్ఛమైన నైట్రోజన్ ఉన్నా ఈ వరుస మారదు.

మరి నైట్రోజన్ టైర్లలో ప్రెషర్ స్థిరంగా ఉంటుందన్న అనుభవం ఎక్కడి నుంచి వచ్చింది? సమాధానం నీటిలో ఉంది. ఆవిరి రూపంలో ఉన్నంతవరకు నీరు కూడా మిగతా వాయువుల్లాగే ప్రవర్తిస్తుంది. టైరు లోపల ద్రవరూపంలో నీరు ఉన్నప్పుడే లెక్క తప్పుతుంది, ఎందుకంటే వేడెక్కే కొద్దీ ఆ నీరు ఆవిరై అదనపు పీడనాన్ని చేరుస్తుంది. 30 డిగ్రీల ఉక్కపోత రోజున, గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు, 60 లీటర్ల లోపలి ఘనపరిమాణం ఉన్న టైరును చిన్న పోర్టబుల్ కంప్రెసర్‌తో మొదటి నుంచి 80 పీఎస్‌ఐ దాకా నింపారనుకుందాం. అందుకు, ముందే లోపల ఉన్నదానితో కలిపి, 380 లీటర్లకు పైగా బయటి గాలి కావాలి, ఆ గాలి తనతో సుమారు 9 గ్రాముల నీటిని మోసుకొస్తుంది. నొక్కిపెట్టిన గాలి చల్లబడ్డాక అందులో ఆవిరిగా నిలవగలిగేది 2 గ్రాముల లోపే. మిగిలిన 7 గ్రాముల పైచిలుకు నీరు టైరు గోడల మీదా, రిమ్ము మీదా చెమ్మగా పేరుకుంటుంది. రోడ్డు మీద టైరు 60 డిగ్రీలకు చేరితే ఆ నీరు చాలావరకు ఆవిరవుతుంది. పొడి గాలి ఉన్న టైరులో ప్రెషర్ 9 పీఎస్‌ఐ పెరిగే చోట ఈ టైరులో సుమారు 11 పెరుగుతుంది. తేడా 2 పీఎస్‌ఐ, అంతే. పూర్తిగా నింపిన సందర్భం కాబట్టి అంతైనా వచ్చింది. తగ్గిన 3, 4 పీఎస్‌ఐ సరిచేయడానికి కొట్టిన గాలితో వచ్చే నీరు ఇంకా చాలా తక్కువ.

వర్క్‌షాపుల్లో ఉండే పెద్ద ట్యాంకు కంప్రెసర్ల పరిస్థితి వేరు. అక్కడ గాలి ట్యాంకులోనే చల్లబడి, నీరు అడుగుకు దిగిపోతుంది. ఆ నీటిని అడుగున ఉన్న కుళాయి తిప్పి రోజూ వదిలేస్తూ, లైనులో నీటిని పట్టే ఫిల్టరు పెట్టుకుంటే టైరులోకి వెళ్లే గాలి తగినంత పొడిగానే ఉంటుంది, ఎందుకంటే ట్యాంకులోని అధిక పీడనం నుంచి టైరులోని తక్కువ పీడనానికి వచ్చేసరికి గాలిలో సాపేక్ష తేమ ఇంకా పడిపోతుంది. నీరు వదలకుండా నెలల తరబడి నడిపిన ట్యాంకు అయితే నీటి తుంపరలు నేరుగా గొట్టంలోకి వస్తాయి. వాల్వు పిన్ను నొక్కి కొద్దిగా గాలి వదిలినప్పుడు చేతికి తడి తగిలితే ఆ కంప్రెసర్ నీరు ఎన్నాళ్లుగా వదల్లేదో ఊహించవచ్చు. రిమ్ము లోపలి అంచుల తుప్పు, ప్రెషర్ సెన్సర్ల పాడు వంటి ఫిర్యాదులకు మూలం ఈ నీరే. నైట్రోజన్ యంత్రం నుంచి గానీ, సిలిండరు నుంచి గానీ వచ్చే వాయువు పొడిగా ఉంటుంది కాబట్టి ఈ బాధ ఉండదు, అది నిజమైన లాభమే. కానీ అదే లాభం పొడి గాలితోనూ వస్తుంది.

రెండో వాదన ప్రెషర్ నెమ్మదిగా తగ్గడం. ఇది నిజం, దీనికి మంచి ఆధారమూ ఉంది. రబ్బరులో కంటికి కనిపించే రంధ్రాలు లేకపోయినా వాయు అణువులు అందులో కరిగి, లోపలి నుంచి బయటికి పాకిపోతాయి. నైట్రోజన్ అణువు ఆక్సిజన్ అణువు కంటే పెద్దది కాబట్టి బయటికి రాలేదని చెప్పడం పరిపాటి, కానీ రెండిటి పరిమాణంలో తేడా 5 శాతం మాత్రమే. ఆక్సిజన్ రబ్బరులో ఎక్కువగా కరుగుతుంది, ఎక్కువ వేగంగా కదులుతుంది; ఈ రెండూ కలిసి టైరు లోపలి పొరగా వాడే బ్యూటైల్ రబ్బరులో ఆక్సిజన్ సుమారు నాలుగు రెట్ల వేగంతో బయటపడేలా చేస్తాయి. ఆ లెక్కన స్వచ్ఛమైన నైట్రోజన్ 100 పాళ్లు తగ్గే కాలంలో మామూలు గాలి 163 పాళ్లు తగ్గాలి. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2006లో మొదలుపెట్టి ఏడాదిపాటు జరిపిన పరీక్షలో 31 రకాల టైర్లను జతలుగా తీసుకుని, ఒకదానిలో గాలి, ఒకదానిలో నైట్రోజన్ 30 పీఎస్‌ఐ దాకా నింపి, ఆరుబయట కదల్చకుండా ఉంచారు. ఏడాది తర్వాత గాలి టైర్లు సగటున 3.5 పీఎస్‌ఐ, నైట్రోజన్ టైర్లు సగటున 2.2 పీఎస్‌ఐ కోల్పోయాయి. సిద్ధాంతం చెప్పిన నిష్పత్తికి ఈ ఫలితం చాలా దగ్గరగా ఉంది, అంటే నైట్రోజన్‌లో ఇంతకు మించి దాగిన మహిమ వెతకాల్సిన పని లేదు.

ఇదే నిష్పత్తిని 80 పీఎస్‌ఐ ఆర్‌వీ టైరుకు అన్వయిస్తే, టైరు మందం వంటి తేడాలను పక్కన పెట్టి చూస్తే, ఆరు నెలలు కదలకుండా ఉన్న బండిలో గాలి టైరు సుమారు 5, నైట్రోజన్ టైరు సుమారు 3 పీఎస్‌ఐ కోల్పోతాయి. ఆ 2 పీఎస్‌ఐ తేడాను, వేసవి మధ్యాహ్నానికీ చలికాలపు ఉదయానికీ మధ్య 25 డిగ్రీల తేడా వల్లనే ఏర్పడే 8 పీఎస్‌ఐ హెచ్చుతగ్గు పక్కన పెట్టి చూస్తే, ప్రయాణానికి ముందు గేజీ పెట్టి చూడాల్సిన అవసరం ఏ వాయువుతోనూ తప్పదని అర్థమవుతుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఈ లాభం రబ్బరు గుండా పాకిపోయే వాయువుకు మాత్రమే వర్తిస్తుంది. దిగిన మేకు, వదులైన వాల్వు పిన్ను, రిమ్ము అంచు దగ్గర పేరుకున్న తుప్పు, జంట చక్రాల్లో లోపలి టైరు వాల్వుకు తగిలించిన పొడిగింపు గొట్టం, ఎండకు పగిలిన రబ్బరు వాల్వు కాడ, వీటి గుండా నైట్రోజన్ కూడా గాలి పోయినంత వేగంగానే పోతుంది. ఆర్‌వీల్లో ప్రెషర్ ఉన్నట్టుండి పడిపోయే సందర్భాల్లో దోషులు ఎక్కువగా ఇవే.

ప్రెషర్ కొద్దిగా తగ్గితే ఏమవుతుందన్నది కార్ల కంటే ఆర్‌వీల్లో చాలా తీవ్రమైన ప్రశ్న. ట్రెయిలర్లకు ప్రత్యేకంగా తయారయ్యే ఎస్‌టీ 225/75 ఆర్15 టైరును చూద్దాం. 80 పీఎస్‌ఐ దగ్గర అది 2,830 పౌండ్లు, అంటే సుమారు 1,280 కిలోలు మోయగలదు. 65 పీఎస్‌ఐ దగ్గర దాని శక్తి 2,540 పౌండ్లకు, సుమారు 1,150 కిలోలకు పడిపోతుంది. ఒక్కో టైరుకు 130 కిలోలు, నాలుగు టైర్ల ట్రెయిలరుకు అర టన్నుకు పైగా తగ్గినట్టు. ట్రెయిలర్లలో నీళ్ల ట్యాంకు, సామాన్లు, ఫ్రిజ్ వంటివి ఒక పక్కకే ఎక్కువ బరువు వేసే అవకాశం ఉంటుంది కాబట్టి మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా ఒక చక్రం మీద మాత్రం పరిమితి దాటి ఉండవచ్చు. అలాంటి చక్రానికి 10 పీఎస్‌ఐ తగ్గిందంటే సైడ్‌వాల్ ఎంత వంగుతుందో, ఎండాకాలపు రహదారి మీద గంటల తరబడి ఎంత వేడి పుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. రెండు ఇరుసుల ట్రెయిలరును ఇరుకు మలుపులో తిప్పినప్పుడు టైర్లు పక్కకు ఈడ్చుకుపోయి లోపలి ఉక్కు బెల్టుల మీద పడే ఒత్తిడి దీనికి అదనం.

అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి తేలికపాటి కొత్త వాహనాలన్నిటికీ తప్పనిసరి చేసిన ప్రెషర్ హెచ్చరిక వ్యవస్థ నియమం 10,000 పౌండ్లు దాటిన వాహనాలకు, జంట చక్రాల ఇరుసు ఉన్నవాటికి వర్తించదు; ట్రెయిలర్లు కూడా దాని పరిధిలో లేవు. అంటే అత్యధిక బరువు మోసే టైర్లకే ఆ రక్షణ లేదు. వర్తించే వాహనాల్లోనూ ప్రెషర్ నిర్ణీత స్థాయి కంటే 25 శాతం తగ్గాకే దీపం వెలగాలన్నది కనీస ప్రమాణం. 80 పీఎస్‌ఐ టైరుకు ఆ లెక్క వేస్తే 60 దాకా పడిపోవాలి. అందుకే ఆర్‌వీలకు విడిగా కొని బిగించుకునే సెన్సర్లు, హెచ్చరిక స్థాయిని యజమానే నిర్ణయించుకోగలిగేవి, నైట్రోజన్ కంటే ఎన్నో రెట్లు విలువైన ఖర్చు. రోడ్డు మీద టైరు ఖాళీ అవుతున్న సంగతి ట్రెయిలరు లాగే డ్రైవరుకు స్టీరింగులో తెలియదు, ఆ వార్త మోసుకొచ్చేది సెన్సరు ఒక్కటే.

నైట్రోజన్ పక్షాన నిలిచే బలమైన వాదన మరొకటి ఉంది: రబ్బరు ముసలితనం. 80 పీఎస్‌ఐ దాకా గాలి నింపిన టైరు లోపల ఆక్సిజన్ పీడనం బయటి వాతావరణంలో ఉన్నదానికి ఆరు రెట్లకు పైగా ఉంటుంది. ఆ ఆక్సిజన్ లోపలి పొర దాటి బెల్టుల మధ్య రబ్బరులోకి చేరి, అక్కడ వేడి తోడై, రబ్బరును గట్టిపరచి, పెళుసుగా మారుస్తుంది; చివరికి బెల్టు విడిపోయే ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ టైర్ల వయసు మీద పరిశోధన చేసినప్పుడు ముసలితనాన్ని త్వరగా తెప్పించడానికి టైర్లలో సగం ఆక్సిజన్, సగం నైట్రోజన్ నింపి వేడి పొయ్యిల్లో ఉంచిందంటేనే ఆక్సిజన్ పాత్ర ఎంతటిదో తెలుస్తుంది. కాబట్టి ఆక్సిజన్‌ను 3, 4 శాతానికి తగ్గించడం వల్ల బెల్టుల రబ్బరుకు మేలు జరుగుతుందనడం సహేతుకమే. అయితే ఆర్‌వీ టైరును ముసలిదాన్ని చేసేది లోపలి ఆక్సిజన్ ఒక్కటే కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఓజోన్, కదలకుండా నిలిచి ఉండటం వల్ల రబ్బరులోని రక్షక నూనెలు ఉపరితలానికి రాకపోవడం, ఒకే చోట నెలల తరబడి బరువు మోయడం, ఇవన్నీ బయటి నుంచి పనిచేస్తాయి. అందువల్ల ట్రెడ్డు, అంటే రోడ్డును తాకే గాడుల భాగం, నిండుగా కనిపిస్తున్నా సైడ్‌వాల్ పగుళ్లు తేలిన టైర్లు ఆర్‌వీల్లో సర్వసాధారణం. టైరు మీద అంకెల వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. మిషెలిన్ వంటి తయారీదారులు 5 ఏళ్ల తర్వాత ఏటా నిపుణులతో పరీక్ష చేయించమని, 10 ఏళ్లు నిండితే ట్రెడ్డు ఎంత ఉన్నా మార్చమని చెబుతారు. నైట్రోజన్ నింపినంత మాత్రాన ఆ గడువు పొడిగించుకోవచ్చని భావించడం ప్రమాదకరం.

విమానాల్లో నైట్రోజనే వాడతారు కదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. వాడతారు, దానికి దారుణమైన కారణం ఉంది. 1986 మార్చి 31న మెక్సికానా విమానయాన సంస్థకు చెందిన బోయింగ్ 727 విమానంలో నైట్రోజన్‌కు బదులు మామూలు గాలి నింపిన చక్రం, బ్రేకు వేడికి గాలిలో ఉండగానే పేలి, ఇంధన గొట్టాలను తెంపి మంటలు లేపింది. అందులో ఉన్న 167 మందీ చనిపోయారు. 75,000 పౌండ్లు దాటిన విమానాల బ్రేకు చక్రాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతానికి మించకూడదన్నది ఇప్పటి అమెరికా నియమం. విమానం దిగేటప్పుడు బ్రేకులకు పుట్టే వేడి, టైరు లోపల రబ్బరు ఆవిర్లు అంటుకునే స్థాయికి చేరగలదు. ఆర్‌వీ చక్రానికి సాధారణంగా ఆ స్థితి రాదు. జంట చక్రాల్లో ఒకటి ఖాళీ అయి రాసుకుంటూ అంటుకునే మంట, బ్రేకు పట్టేసి లేచే మంట బయటి గాలితో రగులుతాయి, టైరు లోపలి నైట్రోజన్ వాటిని ఆపలేదు. పందెపు కార్లలో నైట్రోజన్ వాడకానికి ప్రధాన కారణం అది పొడిగా ఉండటం, సిలిండర్లలో సులువుగా తెచ్చుకుని చక్రాలు విప్పే పరికరాలను కూడా దానితోనే నడపగలగడం.

నైట్రోజన్ నింపిన టైరులో దారిలో గాలి కొట్టకూడదన్న భయం చాలామందిని ప్రెషర్ తక్కువగా ఉన్న టైర్లతోనే తర్వాతి ఊరి దాకా నడిపిస్తుంది. ఈ భయం నైట్రోజన్ చేసే మేలు కంటే ఎక్కువ హాని చేస్తుంది. 5 పీఎస్‌ఐ తగ్గిన 80 పీఎస్‌ఐ నైట్రోజన్ టైరును మామూలు గాలితో సరిచేస్తే ఆక్సిజన్ వాటా 3.3 శాతం నుంచి సుమారు 4 శాతానికి మాత్రమే పెరుగుతుంది. రెండూ కలవడం వల్ల ఏ రసాయన చర్యా జరగదు. ఎదురుగా గాలి పంపు ఉండగా నైట్రోజన్ దొరికే చోటు కోసం ఆగడానికి ఏ సమర్థనా లేదు. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే కనీసం 3 గంటలు నిలిచి ఉన్నాక, తయారీదారు చెప్పిన ప్రెషర్‌కు సరిచేయాలి. ప్రయాణంలో వేడెక్కి పెరిగిన ప్రెషర్‌ను మాత్రం తగ్గించకూడదు. కొండల మీదికి వెళ్లినప్పుడు బయటి వాతావరణ పీడనం తగ్గడం వల్లనే గేజీ అంకె పెరుగుతుంది, 2,500 మీటర్ల ఎత్తులో ఆ పెరుగుదల దాదాపు 4 పీఎస్‌ఐ ఉంటుంది. పైన చలి ఎక్కువ కాబట్టి కొంత సర్దుకుంటుంది.

కొత్త టైర్లతో పాటు ఉచితంగా వస్తే నైట్రోజన్‌ను కాదనాల్సిన పనేమీ లేదు. దానికోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టాలా అన్నప్పుడు మాత్రం, అదే డబ్బుతో మంచి గేజీ, సొంతంగా వెంట ఉండే కంప్రెసర్, దాని లైనుకు చిన్న తేమ ఫిల్టరు, లోహపు వాల్వు కాడలు అమర్చుకోవడం ఎక్కువ ప్రయోజనం ఇస్తుంది. నైట్రోజన్‌కు నిజంగా పని ఉన్న చోటు ఒకటి మిగిలింది: స్పేరు టైరు. బండి కిందో, వెనకో బిగించి ఉండే ఆ టైరు తిరగదు, వంగదు, వేడెక్కదు. మేకు దిగే అవకాశమూ లేదు. అది కోల్పోయేది ప్రధానంగా రబ్బరు గుండా పాకిపోయే వాయువునే, నైట్రోజన్ తగ్గించగలిగేదీ ఆ ఒక్క నష్టాన్నే. ఏళ్ల తరబడి ఎవరూ గేజీ పెట్టి చూడని టైరు కూడా అదే. సీజను మొదట్లో మిగతా చక్రాలను చూసేటప్పుడు దాన్ని కూడా కిందికి దించి, ప్రెషర్ నిండుగా పెట్టి, సైడ్‌వాల్ మీది నాలుగు అంకెలు చదవాలి. నడుస్తున్న టైర్లను రెండుసార్లు మార్చిన బండిలో స్పేరు మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే ఉండటం అరుదేమీ కాదు.